ఇంటికి ఒకటే లాప్‌టాప్, వాడేది ముగ్గురు: ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఇంట్లో ఒకటే లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. నేను, డిగ్రీ చదివే చెల్లె, నాన్న ముగ్గురం దాన్నే వాడతాం. క్రోమ్ బాగా స్లో అయింది. ఒక దోస్తు బ్రేవ్ వేసుకోమంటాడు, ఇంకొకడు ఫైర్‌ఫాక్స్ అంటాడు. స్పీడు కావాలి, చూడటానికి నీట్‌గా ఉండాలి, ప్రైవసీ కూడా కావాలి. ఏది మంచిది?"

తమ్మీ, జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకన్నది తర్వాత. రెండు బ్రౌజర్లు పెట్టుకో. చదువుకు, పేపర్లకు, వీడియోలకు ఫైర్‌ఫాక్స్. బ్యాంకు, భూమి రికార్డులు, స్కాలర్‌షిప్, అప్లికేషన్లకు ఎడ్జ్. ఎడ్జ్ విండోస్‌తోనే వచ్చింది కాబట్టి కొత్తగా వేసుకునే పని లేదు. రెండూ ఒకేసారి తెరవకు, 4 జీబీ తట్టుకోదు. బ్రేవ్ కూడా మంచిదే, దాని సంగతి కింద చెబుతాను. అయితే నీ ప్రశ్నలో నాకు కొట్టొచ్చినట్టు కనపడింది బ్రౌజర్ల పేర్లు కాదు, "ముగ్గురం దాన్నే వాడతాం" అన్న మాట. దాని గురించే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను 2007లో నల్లగొండ రామగిరిలో ఆరు సిస్టమ్‌లతో నెట్ సెంటర్ పెట్టాను. ఇప్పుడు సిస్టమ్‌లు రెండే మిగిలాయి, రిపేర్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లతో బతుకుతున్నాను. ఇన్నేళ్లలో బ్రౌజర్లు వచ్చాయి, పోయాయి. ఒకప్పుడు అందరూ వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే పక్కన పెట్టేసింది. కానీ కస్టమర్ల కంప్లయింట్ మాత్రం మారలేదు: "అన్నా, స్లో ఉంది."

సరే, స్పీడు సంగతి. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ రెండు బటన్లూ కలిపి నొక్కు. ఒక చిన్న పెట్టె వస్తుంది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోంది, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత తింటోంది అన్నీ వరుసగా కనిపిస్తాయి. ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే బటన్లు పనిచేస్తాయి. మెమరీ అని రాసి ఉన్న చోట క్లిక్ చేస్తే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. మొన్న ఒక డిగ్రీ పిల్లవాడి లాప్‌టాప్ ఇలాగే చూశాను. తెరిచింది ఒక్క యూట్యూబ్ ట్యాబే. కింద మాత్రం పదకొండు ఎక్స్‌టెన్షన్లు తిరుగుతున్నాయి. పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చేది, కూపన్లు వెతికిపెట్టేది, స్క్రీన్ రికార్డ్ చేసేది. ఇక ఫోటో సైజు తగ్గించేవి అయితే మూడు! ఉద్యోగాల అప్లికేషన్లలో ఫోటో ఇన్ని కేబీలే ఉండాలి, సంతకం ఇన్ని కేబీలే ఉండాలి అని అడుగుతారు కదా, ఆ టెన్షన్‌లో గూగుల్‌లో వెతికి ఏది ముందు కనిపిస్తే అది వేసుకుంటారు. అప్లికేషన్ అయిపోతుంది, ఎక్స్‌టెన్షన్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. వేసుకునేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి" పర్మిషన్ అడిగిందా లేదా అని ఎవరూ చూడరు. ఆ పర్మిషన్ ఇచ్చామంటే బ్యాంకు పేజీ కూడా దాని కళ్ల ముందే తెరుస్తున్నట్టు. అవన్నీ తీసేశాక ఆ పిల్లవాడు "అన్నా, కొత్తగా ఏం వేశావు?" అని అడిగాడు. నేను వేసింది ఏమీ లేదు, తీసేయడమే.

నువ్వూ ముందు ఆ పని చెయ్యి. తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూసేశాక కూడా వెనకాల యాప్‌లు నడవనిచ్చే ఆప్షన్ ఉంటుంది, అది ఆపు. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఉంటుంది, అది ఆన్ చెయ్యి. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ అని ఒకటుంది. పేరు చూసి స్పీడు పెంచేది అనుకోకు. అది బ్రౌజర్‌ను ముందే సగం తెరిచి పెడుతుంది, తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లకు దండగ. ఆపెయ్యి.

ఇక బ్రౌజర్‌కూ బ్రౌజర్‌కూ స్పీడులో తేడా ఎంత? నిజం చెప్పాలంటే చాలా తక్కువ. ఎందుకంటే క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి ఇవన్నీ క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవి. ఒకే బోరు నీళ్లు, బిందెలు వేరు. మన జిల్లావాళ్లకు బోరు నీళ్ల సంగతి చెప్పేదేముంది! ఎడ్జ్‌కు మొదట్లో పేజీని తెర మీదికి తెచ్చే సొంత ఇంజిన్ ఉండేది, 2020 జనవరిలో అదీ క్రోమియంకు మారిపోయింది. కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి కోటి రూపాయలు గెలుచుకున్న జోహో వాళ్ల ఉలా కూడా క్రోమియం మీదనే నడుస్తుంది. వేరే బోరు ఉన్నవి ముఖ్యంగా రెండే: ఫైర్‌ఫాక్స్‌ది గెకో, యాపిల్ సఫారీది వెబ్‌కిట్. ఐఫోన్ వాడే దోస్తులెవరైనా "మా ఫోన్‌లో క్రోమ్ వేసుకున్నాం" అంటే నవ్వుకో. మన దగ్గర ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసినా లోపల తిరిగేది వెబ్‌కిట్టే.

స్పీడులో నిజంగా తేడా కనిపించేది యాడ్స్ దగ్గర. ఏదైనా తెలుగు న్యూస్ సైటు తెరువు. వార్త పది లైన్లుంటుంది, దాని చుట్టూ వీడియో యాడ్, కింద తేలే యాడ్, మధ్యలో "బరువు తగ్గాలా" అనే యాడ్. ఊళ్లో హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు చాలా డేటా వాటికే పోతుంది. ఇవి ఆపేస్తే ఏ పాత లాప్‌టాప్ అయినా కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలు. నేను వేసుకోమని చెప్పే ఎక్స్‌టెన్షన్ ఇది ఒక్కటే. క్రోమ్‌లో 2025 నుంచి ఇది పనిచేయడం లేదు. ఎక్స్‌టెన్షన్ల పాత పద్ధతిని గూగుల్ ఆపేసింది, ఇప్పుడు లైట్ అనే తేలికపాటి కూర్పే దొరుకుతుంది. అది కూడా చాలావరకు పనిచేస్తుంది, అసలుదానంత బలం లేదు. ఎడ్జ్‌లో నేను ఏదీ వెయ్యమనను, ఎందుకో కింద తెలుస్తుంది. బ్రేవ్‌లో అయితే ఎక్స్‌టెన్షనే అక్కరలేదు, యాడ్స్ ఆపడం దాంట్లోనే ఉంది. నీ దోస్తు అందుకే అది స్పీడు అంటున్నాడు, అందులో అబద్ధం లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. లాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్ఎస్‌డీ అనే వేగంగా పనిచేసే డిస్క్ వేయించు, కుదిరితే ర్యామ్ 8 జీబీ చేయించు. ఏ బ్రౌజర్ మార్చినా అంత తేడా రాదు. నేను రిపేర్‌వాడిని కాబట్టి గిరాకీ కోసం చెబుతున్నానని అనుకుంటావేమో. దేవరకొండలో నీకు దగ్గరున్న షాపులోనే వేయించుకో, నల్లగొండ దాకా రానక్కరలేదు. ఇంకోటి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంటే బ్రౌజర్‌నైనా ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. విండోస్ 7 మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దాంతో బ్యాంకు పనులు చేయొద్దు.

నీట్‌గా ఉండాలన్నావు. ఇది ఎవరి కళ్లను బట్టి వాళ్లకు. కానీ మన చౌక లాప్‌టాప్‌లలో చాలావాటి స్క్రీన్ 1366 బై 768. అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. పైన ట్యాబ్‌ల వరస, దాని కింద అడ్రస్ బార్, దాని కింద బుక్‌మార్కులు పోను, నీకు చదవడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్లలోనూ ట్యాబ్‌లను పక్కకు నిలువుగా పెట్టుకోవచ్చు. ఒక వారం చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎఫ్9 నొక్కితే వ్యాసం ఒక్కటే మిగులుతుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కరెంట్ అఫైర్స్ చదివేవాడివి, నీకు పనికొస్తుంది.

మీ నాన్నకు నచ్చేది ఎడ్జ్‌లో ఒకటుంది. తెలుగు వార్త తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే చదివి వినిపిస్తుంది. మోహన్ అనే మగగొంతు, శ్రుతి అనే ఆడగొంతు, రెండూ తెలుగువే. నెట్ ఉండాలి. ఉచ్చారణ అక్కడక్కడ తడబడుతుంది గానీ కళ్లు మసకబారినవాళ్లకు చాలా సుఖం. క్రోమ్‌లో ఇంగ్లిష్ పేజీని తెలుగులోకి మార్చే సౌకర్యం కూడా పెద్దవాళ్లకు బాగుంటుంది. అయితే ఆ పేజీలో రాసి ఉన్నదంతా గూగుల్‌కు వెళ్లి మారి వస్తుంది, అది గుర్తుంచుకో. బ్యాంకు స్టేట్‌మెంటు దాంతో తర్జుమా చేసుకోవద్దు.

ఇప్పుడు ప్రైవసీ. దీనిమీద జనం అంతా అమెరికా కంపెనీల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మా నెట్ సెంటర్‌లోని నాలుగో నంబర్ సిస్టమ్ గుర్తొస్తుంది. ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. ఆధార్ నంబరు పెట్టెలో మొదటి అంకె కొట్టగానే కింద ఒక వరస జారింది. ఏడెనిమిది ఆధార్ నంబర్లు. అన్నీ అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లవి. ఆ అమ్మాయి నా వైపు చూసింది. "అన్నా, నాది కూడా ఇట్లనే రేపు ఇంకొకరికి కనిపిస్తదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు సాయంత్రం షట్టర్ దించి అన్ని సిస్టమ్‌లలో ఆటోఫిల్ తీసేశాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఇంకా ఘోరం. పాస్‌బుక్కులు, కులం సర్టిఫికెట్లు, మెమోలు, ఆధార్ పీడీఎఫ్‌లు కుప్పలుగా ఉన్నాయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటావేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనున్న మెమోలోనే ఉంటాయి. అప్పటి నుంచి మా సెంటర్‌లో, మూసేస్తే హిస్టరీ మిగలని గెస్ట్ విండో మాత్రమే తెరిచి ఇస్తాను.

మీ ఇంట్లో ముగ్గురూ మంచివాళ్లే, కాదనను. కానీ చుట్టాలొస్తారు, చెల్లె స్నేహితులొస్తారు, లాప్‌టాప్ రిపేర్‌కు నాలాంటివాడి దగ్గరికి వస్తుంది. క్రోమ్‌లో ముగ్గురికి మూడు ప్రొఫైల్స్ పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది చెబుతారు. ప్రొఫైల్ తలుపు కాదు, కర్టెన్ లాంటిది. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు క్లిక్ చేసినా తెరుచుకుంటుంది. విండోస్‌లోనే ముగ్గురికి మూడు యూజర్ అకౌంట్లు చెయ్యి, ఎవరి పిన్ వాళ్లకు. ఒకరి పని అయిపోయాక "సైన్ అవుట్" కొట్టాలి. "స్విచ్ యూజర్" కొడితే ముందువాళ్లు తెరిచినవన్నీ వెనకాల నడుస్తూనే ఉంటాయి, నీ 4 జీబీ ఆగమాగం అవుతుంది. నీ లాప్‌టాప్ స్లో కావడానికి ఇదే కారణం కావచ్చు కూడా.

డబ్బు పనులకు వేరుగా పెట్టమన్న ఎడ్జ్ సంగతి ఇదీ. ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ వద్దు. పాస్‌వర్డ్ దాచిపెట్టడం, ఆటోఫిల్ రెండూ ఆపు. మూసినప్పుడల్లా కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచే గుర్తులు), హిస్టరీ తుడిచేసే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉంటుంది, ఆన్ చెయ్యి. ప్రతిసారి పాస్‌వర్డ్ కొట్టాలి, కొంచెం విసుగే. భూభారతి (భూమి రికార్డులు), బ్యాంకు, ఈపాస్ (స్కాలర్‌షిప్), అప్లికేషన్లు, నాన్న వినే వార్తలు తప్ప దాంట్లో ఇంకేదీ తెరవొద్దు. సినిమా డౌన్‌లోడ్ సైట్లు అసలే వద్దు. ప్రభుత్వ సైట్లు సాధారణంగా క్రోమియం బ్రౌజర్లలోనే బాగా నడుస్తాయి కాబట్టి ఈ పనికి ఎడ్జ్ అన్నాను. కాంట్రాక్టర్ల డిజిటల్ సంతకాల పాత పోర్టళ్లు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే నడుస్తాయి, దానికి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. నీకు ఆ అవసరం రాదులే.

ఇన్‌కాగ్నిటో తెరిస్తే ఎవరికీ తెలియదనుకుంటారు. అది ఈ లాప్‌టాప్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. నెట్ కంపెనీకి, నువ్వు తెరిచిన సైటుకు, కాలేజీ వైఫై నడిపేవాళ్లకు నీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. దీనిమీదే గూగుల్ మీద అమెరికాలో 2020లో దావా పడింది. 2024లో రాజీకి వచ్చి, అలా పోగైన రికార్డులు తుడిచేస్తామని ఒప్పుకుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం ఇన్‌కాగ్నిటో మూసినా పోదు.

కంపెనీల సంగతి కూడా చెప్పాలి. గూగుల్‌కు ఆదాయం ప్రధానంగా యాడ్స్ నుంచి. సబ్‌మర్సిబుల్ మోటారు రేటు ఒకసారి వెతికితే వారం రోజులు ఏ పేపర్ తెరిచినా అదే మోటారు కనిపిస్తుంది చూడు, ఆ వెంటపడటానికి ముఖ్యంగా వాడేది థర్డ్ పార్టీ కుకీలు, అంటే నువ్వు తెరిచిన సైటు కాక వేరే కంపెనీలు పెట్టే గుర్తులు. వాటిని క్రోమ్‌లో తీసేస్తామని 2020లో చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి ఉంచేశారు. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైటు కుకీలను దాని డబ్బాలో దానికే బంధించేస్తోంది. క్రోమ్‌నే వాడతానంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేసుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ వాళ్లు కడిగిన ముత్యాలా? కాదు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్‌ను ముందుంచినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. 2025లో వాళ్లు నిబంధనల్లో డేటా గురించిన మాటలు మారిస్తే వాడేవాళ్లే లొల్లి చేశారు, మళ్లీ దిద్దుకున్నారు. బ్రేవ్ 2020లో, అడ్రస్ బార్‌లో కొన్ని క్రిప్టో సైట్ల పేర్లు కొడుతుంటే తన కమిషన్ లింకు తగిలిస్తోందని దొరికిపోయింది, తప్పయిందని ఒప్పుకుంది. బ్రేవ్ వేసుకుంటే వ్యాలెట్, రివార్డ్స్ అన్నీ ఆపేసి వాడు, బాగుంటుంది. ఏదైనా సైటు సరిగ్గా తెరుచుకోకపోతే అడ్రస్ బార్ దగ్గరున్న సింహం బొమ్మ నొక్కి ఆ సైటు వరకు షీల్డ్ (యాడ్స్ ఆపే ఏర్పాటు) దించాలి. యూసీ బ్రౌజర్ 2జీ రోజుల్లో మన దగ్గర ప్రతి ఫోన్‌లో ఉండేది, 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది. ఇంకా ఎక్కడైనా పాత ఫైలు దొరికితే వేసుకోకు.

నాంపల్లి మండలం నుంచి ఒక పెద్దాయన పోయిన ఎండాకాలం లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. స్క్రీన్ కింద కుడిపక్క అయిదు నిమిషాలకోసారి ఎర్రగా "మీ కంప్యూటర్‌లో వైరస్" అని వస్తోంది, కొడుకుకు ఫోన్ చేస్తే ఫార్మాట్ చేయించమన్నాడట. వైరస్ ఏమీ లేదు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి చూస్తే పద్నాలుగు సైట్లకు పర్మిషన్ ఉంది. ఎందుకిచ్చావు పెదనాన్నా అంటే, "అలో నొక్కుమన్నది, హలో అన్నట్టు పలకరిస్తున్నదేమో అనుకున్న" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అన్నీ తీసేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన డబ్బులివ్వబోతే చాయ్ తాగించమన్నాను. మీ నాన్న అకౌంట్‌లో నోటిఫికేషన్లు అడగడమే పూర్తిగా ఆపేసి పెట్టు.

తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదని ఇంకా నమ్మేవాళ్లున్నారు. ఆ బొమ్మకు అర్థం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగ అయినా తాళం ఉంటుంది. జనం ఇలా పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మ మార్చేసింది. అడ్రస్ చివర చూడాలి: ప్రభుత్వానిది జీఓవీ డాట్ ఇన్, బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్. గూగుల్‌లో పైన వచ్చే మొదటి లింకు యాడ్ కావచ్చు. అసలు సైటును ఒకసారి సరిగ్గా తెరిచి ఎడ్జ్‌లో బుక్‌మార్క్ చేసి పెట్టు, నాన్న అక్కడి నుంచే తెరవాలి.

ఫోన్ల గురించి నువ్వు అడగలేదు గానీ అసలు ప్రమాదం అక్కడే ఎక్కువ. చలానా అని, రైతుల పథకం అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసేవి) వస్తున్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ క్రోమ్‌కు, వాట్సాప్‌కు రెండింటికీ తీసెయ్. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టాలి. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది, చెల్లె ఫోన్‌లో వేసి చూడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి, వచ్చిన లిస్టు ఫోటో తీసి పెట్టు, ఏది తీసేయాలో చెబుతాను. ఫోటోలో పక్కనున్న ట్యాబ్‌లు, మీ నాన్న మెయిల్ ఐడీ కనపడకుండా చూసుకో, పైలం.